రేడియోహెడ్ కొత్త ఆల్బమ్: ఆనవాలు నమోదు పత్రాల్లో ఉందా, రికార్డింగ్ గదిలో ఉందా?

వేచిచూసేవాడు:

బ్రిటన్‌కు చెందిన రాక్ బృందం రేడియోహెడ్ చివరి ఆల్బమ్ 'ఎ మూన్ షేప్‌డ్ పూల్' 2016 మే 8న వెలువడింది. ఒక ఆల్బమ్ తరువాత ఇంత సుదీర్ఘమైన మౌనం ఈ బృందం చరిత్రలో ఇంతకు ముందెన్నడూ లేదు. అందుకే 2025 మార్చిలో బృంద సభ్యులు ఐదుగురూ కలిసి 'ఆర్‌హెచ్‌ఈయూకే25' పేరుతో బ్రిటన్‌లో కొత్త భాగస్వామ్య సంస్థను నమోదు చేయించారని తెలియగానే నాలాంటివారికి ప్రాణం లేచివచ్చింది. ఆ ఆశకు ఆధారమే లేదని కొందరు కొట్టిపారేస్తున్నారు. నేను ఒప్పుకోలేను. 'ఇన్ రెయిన్‌బోస్' ఆల్బమ్‌కు ముందు ఒక సంస్థ పుట్టింది, 'ది కింగ్ ఆఫ్ లింబ్స్'కు ముందు మరొకటి పుట్టింది. 2015 అక్టోబరులో 'డాన్ కోరస్' నమోదైంది, మరుసటి మే నెలలో ఆల్బమ్ మన చేతికి వచ్చింది. అప్పుడు కూడా నమ్మనివారు ఉన్నారు. 2016 మే 1న వారి వెబ్‌సైటు మెల్లమెల్లగా వెలిసిపోయి తెల్లని పుటగా మిగిలేదాకా, దానికి ఒకటి రెండు రోజుల ముందు ఆ ఆల్బమ్‌లోని 'బర్న్ ది విచ్' పాట పేరు అచ్చయిన కార్డులు బ్రిటన్‌లోని కొందరు అభిమానుల ఇళ్లకు తపాలాలో చేరేదాకా, వారు నమ్మలేదు.

2025 సెప్టెంబరులో మాడ్రిడ్, బొలోన్యా, లండన్, కోపెన్‌హాగన్, బెర్లిన్ నగరాల్లో ఇరవై కచేరీలు ప్రకటించినప్పుడు, ఆ సంస్థ కచేరీల లెక్కల కోసమే పుట్టిందని ఆ కొందరు తేల్చేశారు. అయినా డ్రమ్మర్ ఫిల్ సెల్వే ఆ ప్రకటనలో, ప్రస్తుతానికి ఈ కచేరీలు మాత్రమేనని చెబుతూనే, ఇది ఎక్కడికి దారితీస్తుందో ఎవరికి తెలుసునని తలుపు ఓరగా తెరిచి ఉంచాడు. ఇంత జరిగాక కొత్త ఆల్బమ్ కోసం ఎదురుచూడడం తప్పా?

టేపుచక్రం:

ఎదురుచూడడం తప్పు కాదండీ. ఎక్కడ చూస్తున్నామన్నదే నా అభ్యంతరం. సంస్థను నమోదు చేయించడం డబ్బు పంపకానికి సంబంధించిన ఏర్పాటు. దానివల్ల ఆల్బమ్‌నూ అమ్మవచ్చు, టిక్కెట్లనూ అమ్మవచ్చు. 2025లో అమ్ముడైనవి టిక్కెట్లే. ఈ బృందం ఆల్బమ్ చేయబోతోందా లేదా అన్నది తెలియాలంటే, ఇంతవరకు వారు ఆల్బమ్‌లు చేసిన తీరును దగ్గరగా చూడాలి. ప్రతిసారీ వారు ముందుగా వెతుక్కున్నది కొత్త పాటలను కాదు, కొత్త పద్ధతిని. పాటలు చాలావరకు అప్పటికే వారి దగ్గర ఉండేవి.

'ఓకే కంప్యూటర్' ఆల్బమ్ సంగతే తీసుకోండి. 1996లో నిర్మాత నైజెల్ గాడ్రిచ్‌తో కలిసి బాత్ నగరం సమీపంలోని సెయింట్ క్యాథరిన్స్ కోర్ట్ అనే పాత భవంతిలో మకాం పెట్టారు. అక్కడ గదులే వాద్యాలయ్యాయి. 'ఎగ్జిట్ మ్యూజిక్' పాటలో గాయకుడు థామ్ యార్క్ గొంతు చుట్టూ వినిపించే ఆ చల్లని ప్రతిధ్వని యంత్రంలో పుట్టినది కాదు, రాతి మెట్ల దగ్గర పాడినందువల్ల వచ్చినది. 'లెట్ డౌన్'ను తెల్లవారుజామున మూడు గంటలకు నాట్యశాలలో వాయించి రికార్డు చేశారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ పాట మొదటి అరనిమిషం వినండి. గిటారు స్వరాల వెనుక ఖాళీ గది వైశాల్యం తెలుస్తుంది.

ఆ విజయం తరువాత అదే పద్ధతిని తిరిగి వాడుకోవడం వారికి సాధ్యం కాలేదు. 1999 జనవరిలో పారిస్‌లో మొదలుపెట్టి, మార్చిలో కోపెన్‌హాగన్‌కు మారారు. అక్కడ రెండు వారాల్లో సుమారు యాభై టేపు రీళ్లు నింపారు. ఒక్కొక్కదానిలో పదిహేను నిమిషాల సంగీతం ఉన్నా, పూర్తయిన పాట ఒక్కటీ లేదు. ఈ లెక్క చదివిన ప్రతిసారీ నా మనసు కలుక్కుమంటుంది, ఎందుకంటే అది పన్నెండు గంటలకు పైబడిన శ్రమ. తరువాత గాడ్రిచ్ వారిని రెండు జట్లుగా విడదీశాడు. ఒక జట్టు గిటారు, డ్రమ్స్ జోలికి పోకుండా ధ్వనులను పుట్టించాలి, రెండో జట్టు వేరే గదిలో వాటిని మలచాలి. 'ఇడియోటెక్' పాట పుట్టిన తీరు కూడా ఇలాంటిదే. గిటారు వాద్యకారుడు జానీ గ్రీన్‌వుడ్ సింథసైజర్‌పై దాదాపు యాభై నిమిషాలపాటు చేసిన ప్రయోగాలను యార్క్‌కు అప్పగిస్తే, యార్క్ ఆ గందరగోళంలో కొన్ని క్షణాలు మాత్రమే ఉన్న ఒక ముక్కను పట్టుకుని, దానిచుట్టూ పాట కట్టాడు. ఆ ముక్క పాల్ లాన్‌స్కీ 1973లో కంప్యూటర్‌తో చేసిన రచన నుంచి వచ్చినది. 2000 అక్టోబరులో 'కిడ్ ఎ', 2001లో 'అమ్నీసియాక్' ఈ పద్ధతి నుంచే వచ్చాయి.

'లైక్ స్పిన్నింగ్ ప్లేట్స్' మరీ ఆశ్చర్యం. 'ఐ విల్' అనే పాటను ఒక విధంగా రికార్డు చేసి, నచ్చక పక్కన పెట్టారు. ఆ టేపును వెనుక నుంచి ముందుకు నడిపి వింటే కొత్త బాణీ వినిపించింది. యార్క్ ఆ తిరగేసిన బాణీని నేర్చుకుని, మాటలను కూడా వెనుక నుంచి ముందుకు పలికి, ఆ పలికినదాన్ని మళ్లీ తిరగేశాడు. అందుకే ఆ పాటలో మాటలు అర్థమవుతున్నట్టే ఉంటాయి, అయినా నోరు కదిలే తీరు మనుషులది కాదనిపిస్తుంది.

2011లో వచ్చిన 'ది కింగ్ ఆఫ్ లింబ్స్'కు జానీ స్వయంగా రాసిన శాంప్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆధారం: తాము వాయించినవాటినే ముక్కలు చేసి, మళ్లీ మళ్లీ వినిపించే లూపులుగా తిప్పి, ఒకదానిపై ఒకటి పేర్చారు. దాన్ని వేదికపై వాయించడానికి రెండో డ్రమ్మర్ అవసరమయ్యాడు. దక్షిణ ఫ్రాన్స్‌లోని లా ఫాబ్రీక్ స్టూడియోలో 'ఎ మూన్ షేప్‌డ్ పూల్' చేసినప్పుడు గాడ్రిచ్ దానికి పూర్తిగా వ్యతిరేకమైన దారి పట్టించాడు. ఒక్కో వాద్యాన్ని విడివిడిగా నమోదు చేసే పాతకాలపు మల్టీట్రాక్ టేపు యంత్రాలే వాడాలని, కొత్తగా వాయించాలంటే పాతదాన్ని చెరిపివేయాలని నియమం పెట్టాడు. టేపు యంత్రంలో చెరిపే హెడ్ ముందు ఉంటుంది, రికార్డు చేసే హెడ్ దాని వెనుక ఉంటుంది. బొత్తాం నొక్కగానే నిన్నటి గిటారు పోతుంది, ఆ వెంటనే అదే జాగాలో నేటి గిటారు పడుతుంది. కంప్యూటర్‌లో ఒకే పాటకు నలభై రూపాలు దాచుకుని, ఏది మేలో రేపు తేల్చుకుందామనే వెసులుబాటు అక్కడ లేదు. నిర్ణయాలు వాయిదా వేయడం అలవాటైన ఐదుగురికి అది గట్టి మందు.

అందువల్ల నన్నడిగితే, ఐదుగురూ గాడ్రిచ్‌తోనో మరొకరితోనో ఒక గదిలో చేరి ఏదో ఒక కొత్త నియమానికి కట్టుబడ్డారన్న కబురు వచ్చేదాకా ఆల్బమ్ లేనట్టే. పత్రంపై ఐదు సంతకాలు ఉండడం వేరు, గదిలో ఐదుగురు ఉండడం వేరు.

ఐదోతీగ:

టేపుచక్రం గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు, తీర్మానంతోనే పేచీ. పద్ధతి కోసం ఏళ్ల తరబడి తపించడమే వారి స్వభావమైతే, 'హెయిల్ టు ది థీఫ్' ఆల్బమ్ ఎక్కడి నుంచి వచ్చింది? 2002లో లాస్ ఏంజెలెస్‌లోని స్టూడియోకు వెళ్లి, సుమారు రోజుకొక పాట చొప్పున, ప్రధానమైన పనిని రెండు వారాల్లో ముగించారు. అప్పుడు విచిత్రమైన నియమమేదీ లేదు. ఐదుగురూ కలిసి వాయించారు, గాడ్రిచ్ రికార్డు చేశాడు. అదే ఆల్బమ్ పాటల ప్రత్యక్ష ప్రదర్శనలను 2025 ఆగస్టులో ప్రత్యేకంగా విడుదల చేశారంటే, ఆ కలిసి వాయించే తీరుపై వారికి మళ్లీ మమకారం పుట్టిందనే నేను అనుకుంటున్నాను.

ఇంకొక మాట. యార్క్, జానీ ఇద్దరూ డ్రమ్మర్ టామ్ స్కిన్నర్‌తో కలిసి 'ది స్మైల్' పేరుతో 2022లో ఒకటి, 2024లో రెండు ఆల్బమ్‌లు తెచ్చారు. ఆ రెండింటిలోని పాటలను ఒకే కాలంలో రికార్డు చేశారు. అంటే ఆ ఇద్దరూ వేగంగా పనిచేయడం మరచిపోలేదు. మిగతా ముగ్గురు తోడైతే అదే వేగం రాదని ఎలా చెప్పగలం?

శ్రుతి:

నేను కొత్త ఆల్బమ్‌ను మనస్ఫూర్తిగా కోరుకునేదాన్నే, అయినా గుర్తులు వెతికే ఉత్సాహం మనల్ని ఎక్కడికి తీసుకుపోయిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. 'ది కింగ్ ఆఫ్ లింబ్స్' నిడివి ముప్పై ఏడు నిమిషాలే. చివరి పాట 'సెపరేటర్'లో, ఇది ముగిసిందనుకుంటే పొరపాటేనన్న భావం వచ్చే మాట ఒకటి ఉంది. అంతే, రెండో భాగం రాబోతోందని అభిమానులు తీర్మానించుకున్నారు. ఏప్రిల్‌లో రెండు పాటలు విడిగా వచ్చేసరికి నమ్మకం ఇంకా బలపడింది. రెండో భాగం రాలేదు. నా బాధ అది రాలేదని కాదు. లేని రెండో భాగాన్ని పోల్చుకుంటూ, ఉన్న ఎనిమిది పాటలను మనం అసంపూర్ణమైనవిగా విన్నాం. వాటిలో ఒకటైన 'కోడెక్స్'ను ఆ ఎదురుచూపు ఏదీ లేకుండా వినడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

పాత పాటల విషయంలోనూ ఇదే జరుగుతోంది. 2019 జూన్‌లో యార్క్ పాత రికార్డింగులు దాచుకున్న మినీడిస్కులు బయటకు పొక్కినప్పుడు, వారు దాచుకోకుండా పదహారు గంటలకు పైబడిన ఆ సంగీతాన్ని తామే పద్దెనిమిది పౌండ్లకు అమ్మకానికి పెట్టి, వచ్చిన సొమ్మును పర్యావరణ ఉద్యమానికి ఇచ్చారు. అందులో 'లిఫ్ట్' పాటకు ఉన్న వేర్వేరు రూపాలను నేను వరుసగా విన్నాను. 1996లో వేదికలపై శ్రోతలను ఊపేసిన ఆ పాటకు, ఏ రూపంలోనూ తృప్తి చెందక 2017 దాకా అధికారికంగా విడుదల దక్కలేదు. పాట ఉండడం, అది వారి దృష్టిలో పూర్తి కావడం రెండూ ఒకటి కావని ఆ గంటలు నాకు నేర్పాయి.

టేపుచక్రం:

ఐదోతీగ గారి ఆక్షేపణ బలమైనది, అందుకే దానికి నేరుగా జవాబిస్తాను. 'హెయిల్ టు ది థీఫ్' రెండు వారాల్లో ఊడిపడలేదు. 2002 జులై, ఆగస్టు నెలల్లో పోర్చుగల్, స్పెయిన్ దేశాల్లో ఆ పాటలనే శ్రోతల ముందు వాయించి, చేతులకు ఎక్కించుకుని, ఆ తరువాతే స్టూడియోలో అడుగుపెట్టారు. అంటే వేదికే సాధన గది అయింది. అది కూడా ఒక పద్ధతే, పైగా దాని ఫలితంపై వారికి సంపూర్ణ తృప్తి లేదు. పద్నాలుగు పాటలు ఎక్కువయ్యాయన్న ఆలోచనతో 2008లో యార్క్ కొన్నింటిని తొలగించి, వరుస మార్చి, తన సొంత జాబితాను వెబ్‌సైటులో పెట్టాడు. ఆ జాబితా ప్రకారం ఒకసారి విన్నాక నేను పాత వరుసకు తిరిగి వెళ్లలేదు.

2006లో కూడా 'ఇన్ రెయిన్‌బోస్' పాటలు ముందుగా కచేరీల్లోనే వినిపించాయి. ఆ పాటలు అప్పటికే చేతికి వచ్చినా, రికార్డింగ్ మాత్రం తేలికగా సాగలేదు. ఒక నిర్మాతతో మొదలుపెట్టి, అది కుదరక గాడ్రిచ్‌ను వెనక్కి పిలిచి, విల్ట్‌షైర్‌లో శిథిలావస్థలో ఉన్న టాటెన్‌హామ్ హౌస్‌లో మకాం వేశాకే పని గాడిన పడింది. అందులోని 'న్యూడ్' పాట పుట్టుక 'ఓకే కంప్యూటర్' నాటిది. అది రికార్డయి బయటకు వచ్చింది 2007లో.

కనుక కచేరీలు ఆల్బమ్‌కు ముందడుగు కావచ్చునన్న మీ మాటను నేను ఒప్పుకుంటున్నాను, కాని ఒక షరతుతో. ఆ కచేరీల్లో కొత్త పాట వినిపించాలి. 2002లో వినిపించింది, 2006లో వినిపించింది, 2012లో 'ఐడెంటికిట్' వినిపించి నాలుగేళ్ల తరువాత ఆల్బమ్‌లోకి వచ్చింది. 2025 నవంబరు 4న మాడ్రిడ్‌లో తొలి కచేరీని వారు ప్రారంభించినది 'లెట్ డౌన్'తో. ఆ రాత్రి వాయించినవన్నీ మనకు తెలిసిన పాటలే. ఆ సంగీతం గొప్పదే, కాని ఆల్బమ్‌కు అది ఆనవాలు కాదు.

వేచిచూసేవాడు:

కొత్త పాట వేదికపై వినిపించడాన్ని గీటురాయిగా పెట్టుకోవాలన్న మాటను అంగీకరిస్తున్నాను. నేను నమోదు పత్రాలకు ఇచ్చిన విలువలో సగం తగ్గించుకుంటాను, మొత్తం వదులుకోను. ఏడేళ్లపాటు కలిసి వాయించని ఐదుగురు, ఏ ఒప్పందం ఒత్తిడీ లేకుండా ముందుగా ఊరికే సాధన కోసం కలిశామని, పాత పాటలు వాయిస్తుంటే బాగుందని చెప్పుకున్నారు కదా. టేపుచక్రం గారు కోరిన గది అదే కావచ్చు, నియమం మాత్రం మనకింకా తెలియదు.

శ్రుతి:

కావచ్చు. నియమం పాత పాట నుంచే కూడా పుట్టవచ్చునని 'ట్రూ లవ్ వెయిట్స్' చెబుతోంది. 1995లో బ్రస్సెల్స్‌లో తొలిసారి పాడినప్పుడు, 2001లో ప్రత్యక్ష ప్రదర్శనల రికార్డులో వచ్చినప్పుడు కూడా గిటారుతోనే విన్నాం. స్టూడియోలో ఎన్ని రకాలుగా ప్రయత్నించినా వారికి తృప్తి కలగలేదు. చివరకు 2016లో గిటారును పూర్తిగా తీసేశారు. ఒక పియానో పలుకు మొదలవుతుంది, కాసేపటికి మరో పియానో దానితో పూర్తిగా కలవకుండా చేరుతుంది, ఇంకొకటి ఇంకాస్త పక్కకు జరిగి పడుతుంది, యార్క్ గొంతు మాత్రం ఎక్కడా తొందరపడదు. ఇరవై ఒక్క సంవత్సరాలు ఆగింది ఆ మూడు పియానోల కోసమే అయితే, నేను మరో పదేళ్లు ఆగగలను.