చేప కాలేయ నూనె నిల్వలు: క్యాప్సూళ్లను, రొయ్యల మేతను ఎలా విడదీయాలి?

అందరికీ నమస్కారం. విజయవాడలో దేశస్థాయి ఆహార సమతుల్య పట్టిక (ఒక ఏడాదిలో ఒక్కో ఆహార పదార్థం ఎంత వచ్చింది, ఎక్కడికి పోయింది అని చూపే లెక్క) కడుతున్నాం. చేప కాలేయ నూనె వరుస దగ్గర ఆగిపోయాం. తెలిసినవారు దారి చూపండి.

దేశంలో వాడకానికి దొరికే సరఫరాకు సూత్రం తెలిసిందే: ఉత్పత్తి, దిగుమతి కలిపి, ఎగుమతి తీసేసి, నిల్వ పెరిగితే ఆ పెరుగుదలను తగ్గించాలి, తరిగితే కలపాలి. గుర్తు తారుమారైతే తప్పు రెట్టింపవుతుంది. నిల్వ 20 టన్నులు పెరిగినప్పుడు తీసేయాల్సింది కలిపితే తేడా 40 టన్నులు.

అసలు చిక్కు నిల్వ కొలవడంలో ఉంది. గోదాము పుస్తకాల్లో డ్రమ్ములు లీటర్లలో ఉంటాయి. సాంద్రత సుమారు 0.92 కాబట్టి 200 లీటర్ల డ్రమ్ము 184 కిలోలే. కిలోలనుకుని రాస్తే వెయ్యి డ్రమ్ములకు 16 టన్నులు ఎక్కువ పడుతుంది. పైగా కంపెనీల ముగింపు నిల్వ మార్చి 31ది, మాకు కావాల్సింది డిసెంబరు 31ది. నెలవారీ దిగుమతులతో వెనక్కి లెక్కగట్టొచ్చు, కానీ నెలవారీ వాడకం ఎక్కడ దొరుకుతుంది?

కస్టమ్స్‌లో చేప కాలేయ నూనె కోడ్ 150410 కింద వచ్చేది ఎక్కువగా విడి నూనె. క్యాప్సూళ్లు మందుల కిందో, ఆహార పూరకాల కిందో వేరే కోడ్‌లలో రావచ్చు. 500 మిల్లీగ్రాముల నూనె ఉన్నవి 100 చొప్పున 20,000 సీసాలైతేనే ఒక టన్ను. జెలటిన్ తొడుగు బరువు ఇందులో కలపకూడదు.

మన కోస్తాలో మరో సంగతి: రొయ్యల మేతకు పోయే నూనెను ఆహారంలో కాక మేత గడిలో వేయాలి. మేత మిల్లుల నిల్వను విడిగా అడగడానికి ఎవరైనా వాడిన ప్రశ్నావళి ఉంటే చెప్పండి. గడి ఖాళీగా ఉంటే సున్నా వేయడం మాత్రం మాకు సమ్మతం కాదు.