కొత్తగా కొన్న బాల్ పైథాన్‌కు ఊపిరిలో ఈల, నోట బుడగలు: కొన్నాళ్ళు ఆగి చూడాలా, వెంటనే వైద్యుడికి చూపించాలా?

ప్లేనో నివాసి:

మేము అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని ప్లేనోలో ఉంటున్నాము. ఏడవ తరగతి చదువుతున్న మా అమ్మాయి ఎంతో కాలంగా కోరుతున్నందున పోయిన శనివారం సరీసృపాల ప్రదర్శనలో ఒక బాల్ పైథాన్ (విషం లేని చిన్న జాతి కొండచిలువ) పిల్లను కొని తెచ్చాము. ఇంటికి తెచ్చిన రోజు వంటింటి తక్కెడ మీద 92 గ్రాములు తూగింది. అప్పటి నుంచి పెట్టిన ఎలుకపిల్లను ముట్టలేదు. నిన్న రాత్రి ఊపిరి తీసేటప్పుడు సన్నటి ఈల వంటి చప్పుడు వినిపించింది. ఈ ఉదయం చూస్తే పెదవి అంచున చిన్న బుడగలు ఉన్నాయి, తలను గాజు గోడకు ఆనించి పైకెత్తి ఉంచుతోంది. ట్యాంకులో వెచ్చని వైపు 84, చల్లని వైపు 72 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటోంది, తేమ 40 శాతం దాటడం లేదు.

అమ్మిన వ్యక్తికి ఫోన్ చేస్తే, చోటు మారిన బెదురు వల్ల అలా ఉంటుందనీ, రెండు వారాల పాటు ముట్టుకోకుండా వదిలేయమనీ, వైద్యుల చుట్టూ తిప్పితే మరింత బెదురుతుందనీ చెప్పారు. ఇక్కడ పాములు పెంచే పరిచయస్తుల్లో కొందరు ఆ మాటే అంటున్నారు, కొందరు ఇవాళే తీసుకెళ్ళమంటున్నారు. వైద్యానికి అయ్యే ఖర్చు పాము ధరకు మూడింతలు దాటేలా ఉంది. మా ఇంటికి వచ్చి ఉన్న అత్తగారు, నీరసంగా ఉంది కాబట్టి కాసిని పాలు పట్టమంటున్నారు. ఇంట్లో మూడేళ్ళ బాబు కూడా ఉన్నాడు. ఏది సరైన దారో కారణాలతో సహా చెప్పగలరని ఆశిస్తున్నాను.

ఎడిసన్ పెంపకందారు:

నేను న్యూజెర్సీలో చాలా ఏళ్ళుగా బాల్ పైథాన్‌లను పెంచుతున్నాను. నా అభిప్రాయం అమ్మిన వ్యక్తి చెప్పినదానికి దగ్గరగానే ఉంది, కాబట్టి ఆ పక్షాన చెప్పవలసింది పూర్తిగా చెబుతాను.

బాల్ పైథాన్ తిండి మానేసినంత మాత్రాన జబ్బు చేసినట్టు కాదు. పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా, టోగో, బెనిన్ ప్రాంతాల్లో ఇవి ఎలుకల బొరియల్లోనూ, చెదపుట్టల్లోనూ దాగి కాలం గడుపుతాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము నెలల తరబడి ఉపవాసం ఉండగలదు, పిల్లలు కూడా చోటు మారినప్పుడు కొన్ని వారాలు తినకపోవడం మామూలే. ఈల విషయానికి వస్తే, కుబుసం విడవబోయే ముందు ముక్కు రంధ్రాల దగ్గర పాత చర్మం వదులై అటువంటి చప్పుడు రావడం నేను ఎన్నోసార్లు విన్నాను. కుబుసం విడవగానే అది పోయింది.

ఇక వైద్యుల సంగతి. కుక్కలను, పిల్లులను మాత్రమే చూసే వైద్యుడి దగ్గరకు తీసుకెళితే, ఒంట్లో నీరు తగ్గిన పాముకు కూడా ముందూ వెనుకా చూడకుండా యాంటీబయాటిక్ సూది వేసే ప్రమాదం ఉంది, అది మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. మీరు చెప్పిన ఉష్ణోగ్రతలు ఈ జాతికి చాలా తక్కువ, తేమ ఇంకా తక్కువ. మొదట వాటిని సరిదిద్దండి, ట్యాంకును మూడు వైపులా కప్పండి, దాక్కోవడానికి ఒంటికి ఆనుకునేంత ఇరుకైన గూళ్ళు రెండు పెట్టండి, వారం పాటు తాకకండి. మూలకారణం అలాగే ఉంచి మందులు వాడితే ఫలితం ఉండదు.

లెస్టర్ నర్సు:

నేను ఇంగ్లండ్‌లో సరీసృపాలకు కూడా వైద్యం చేసే పశు చికిత్సాలయంలో నర్సుగా పనిచేస్తున్నాను. ఎడిసన్ పెంపకందారు గారు తిండి గురించి, ఉష్ణోగ్రత గురించి చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తాను. కానీ ఈ ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి, వాటికి ఒకే జవాబు చెప్పడం వల్లనే ప్రమాదం వస్తోందని నా గట్టి నమ్మకం. తినకపోవడం ఒకటి, ఊపిరి చప్పుడుతో పాటు నోట బుడగలు రావడం మరొకటి. మొదటిదానికి ఓర్పు మంచి మందు. రెండవదానికి ఓర్పు పనికిరాదు.

కారణం పాము శరీర నిర్మాణంలోనే ఉంది. మనకు ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం పాముకు లేదు, మనలాగా దగ్గి కఫాన్ని బయటికి నెట్టలేదు. ఊపిరితిత్తుల్లో చేరిన చీమిడి అక్కడే నిలిచి, చిక్కబడి, క్రిములకు నెలవవుతుంది. నోటి దాకా వచ్చి బుడగలుగా కనిపించిందంటే లోపల ఇప్పటికే చాలా పేరుకుని ఉండవచ్చు. తల పైకెత్తి ఉంచడం కూడా, గాలి దారి సాఫీగా ఉండేందుకు ఊపిరాడని పాము చేసే ప్రయత్నమే అయి ఉండవచ్చు. పాములు జబ్బును చివరి దాకా దాచుకుంటాయి, కాబట్టి మనకు కనిపించే నాటికి అది మొదలై చాలా రోజులై ఉంటుంది. మీ ఇంటికి వచ్చి వారం కూడా కాని పాముకు ఇంత స్పష్టంగా లక్షణాలు కనిపిస్తున్నాయంటే, అది అమ్మిన చోటనే మొదలై ఉండే అవకాశం ఎక్కువ.

కుబుసానికి ముందు ఈల వస్తుందన్న మాట నిజమే. అయితే అది గుర్తుపట్టడానికి వేరే ఆనవాళ్ళు ఉన్నాయి. అప్పుడు కళ్ళు నీలిబూడిద రంగు పొరతో మసకబారుతాయి, పొట్ట కింది పొలుసులు గులాబీ రంగుకు తిరుగుతాయి, ఒంటి రంగు వెలిసినట్టు ఉంటుంది. నోట బుడగలు మాత్రం రావు. ప్లేనో నివాసి గారు, ఇవాళ పగటి వెలుతురులో కళ్ళూ పొట్టా చూడండి. అవి మామూలుగా ఉంటే కుబుసం మాట పక్కన పెట్టవచ్చు.

వేడి పెంచితే చాలునన్న వాదనలో సగం నిజం ఉంది. పాము తన ఒంటి వేడిని తానే పుట్టించుకోలేదు, దాని రోగనిరోధక శక్తి కూడా పరిసరాల వెచ్చదనాన్ని బట్టే పనిచేస్తుంది. వెచ్చని వైపు 31 నుంచి 33 సెల్సియస్, అంటే మీ లెక్కలో 88 నుంచి 91, చల్లని వైపు 76 నుంచి 80, తేమ 60 శాతం పైన ఉండాలి. ఇవి ఈ రాత్రే సరిచేయాలి. కానీ సరిచేయడమే వైద్యం అనుకోకూడదు. సూడోమోనాస్, ఏరోమోనాస్ వంటి బాక్టీరియా ఊపిరితిత్తుల్లో స్థిరపడిన తరువాత ఒట్టి వెచ్చదనానికి అవి లొంగడం అరుదు. బాక్టీరియా కాక నిడోవైరస్ కూడా కారణం కావచ్చు. బాల్ పైథాన్‌ల ఊపిరితిత్తుల జబ్బుకూ ఈ వైరస్‌కూ ఉన్న సంబంధాన్ని 2014లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. దానికి నేటికీ మందు లేదు, అయినా ఉందో లేదో తెలుసుకోవడం ముఖ్యం, ఎందుకంటే అది ఇతర పాములకు సులువుగా పాకుతుంది.

మందుల గురించి పెంపకందారు గారి భయం న్యాయమైనదే. అందుకే పాములు తెలిసిన వైద్యుడి దగ్గరకే వెళ్ళాలి. అటువంటి వైద్యుడు ముందు ఒంట్లో నీటి స్థితి చూస్తారు, అవసరమైతే సెలైన్ ఎక్కిస్తారు, ఆపైనే యాంటీబయాటిక్ మొదలుపెడతారు. పాములకు తరచుగా వాడే యాంటీబయాటిక్ సెఫ్టాజిడైమ్‌ను సుమారు మూడు రోజులకు ఒకసారి మాత్రమే ఇస్తారు, మందు వాటి ఒంట్లో నుంచి అంత నెమ్మదిగా బయటికి పోతుంది. కుక్కల లెక్కతో రోజూ ఇవ్వరు. అమెరికాలో ఏఆర్‌ఏవీ అనే సరీసృప, ఉభయచర వైద్యుల సంఘం వెబ్‌సైటులో ఊరి వారీగా వైద్యులను వెతుక్కోవచ్చు.

పాలు మాత్రం పట్టకండి. మీ అత్తగారి జాలి గౌరవించదగినది, కానీ పాము శరీరం పాలను జీర్ణం చేసుకోలేదు, పైగా చీమిడితో మూసుకుపోతున్న గొంతులో ఏ ద్రవం బలవంతంగా పోసినా నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు. అదే కారణంతో ఎలుకను బలవంతంగా మింగించడం కూడా ఇప్పుడు చేయకూడదు.

భాగ్యనగరం:

మనవైపు ఈ పాలు పోసే ఆచారం నాగుల చవితితో ముడిపడి ఉంది కాబట్టి ఒక మాట చేరుస్తాను. పాములవాళ్ళ బుట్టలో పాము పాలు తాగిందంటే, రోజుల తరబడి నీళ్ళు లేక దాహంతో తాగినదే. పెద్దవారికి ఈ మాట నెమ్మదిగా చెబితే వింటారు. మా అమ్మ విన్నది.

అసలు ప్రశ్నకు వస్తే, నర్సు గారి వాదనే నాకు సరైనదిగా తోస్తోంది. హైదరాబాదులో ఇలాంటి ఆలస్యం వెనుక వేరే కారణం ఉంటుంది. మన దేశపు పాములను ఇంట్లో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ వంటి విదేశీ జాతులకు 2022 సవరణ తరువాత, 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. బ్యాంకాక్ నుంచి సూట్‌కేసుల్లో దాచి తెచ్చిన పాములు చెన్నై విమానాశ్రయంలో ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. అలా వచ్చినదాన్ని కాగితాలు లేకుండా కొన్నవారు, జబ్బు చేస్తే వైద్యుడికి చూపించడానికి భయపడతారు, ఆ భయానికి 'కుదురుకుంటుందిలే' అని పేరు పెట్టుకుంటారు. మీకు ఆ అడ్డంకి లేదు. ఉన్న అవకాశాన్ని వాడుకోండి.

ఎడిసన్ పెంపకందారు:

నర్సు గారు చెప్పినట్టు, బుడగలు ఉన్న మాట నిజమైతే నేను కూడా వారం ఆగమనను. కానీ నా అభ్యంతరం ఒకటి మిగిలే ఉంది. పాము ధరకు మూడింతలు పెట్టి, మందు లేని వైరస్ కోసం కూడా పరీక్షలు చేయించమనడం మధ్యతరగతి కుటుంబానికి న్యాయమైన సలహా కాదు. అమ్మిన వ్యక్తి ఆరోగ్యానికి హామీ ఇచ్చి ఉంటే, గడువు లోపల పామును తిరిగి ఇచ్చి మరొకటి తీసుకోవచ్చు. జబ్బుతో అమ్మినవారే ఆ భారం మోయాలి, పిల్ల కోరిక తీర్చిన తండ్రి కాదు.

లెస్టర్ నర్సు:

డబ్బు భారం అమ్మినవారిదే అన్న మాటను నేను పూర్తిగా సమర్థిస్తాను, అందుకే వైద్యుడి లిఖిత నివేదిక ఉండాలి, అది లేకుండా హామీ అడగడం కష్టం. కానీ తిరిగి ఇచ్చేసిన పాము ఏమవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. బెదురు తప్ప ఏమీ లేదంటున్న మనిషి దానికి వైద్యం చేయిస్తాడా? పదుల కొద్దీ పాములు వరుస పెట్టెల్లో ఉన్న గదిలోకి అది తిరిగి వెళుతుంది, ఆ గది నుంచే మార్పిడిగా మరొక పాము మీ ఇంటికి వస్తుంది. వైరస్ పరీక్ష ఖర్చును నేను విలాసంగా చూడకపోవడానికి అదే కారణం. ఆ ఫలితం ఈ ఒక్క పాముకే కాదు, దాని పక్క పెట్టెల్లోని వాటికీ, వాటిని కొనబోయే ఇళ్ళకూ సంబంధించినది.

ఇరవై ముప్పై ఏళ్ళు బ్రతకగల జీవి ఇది. ఈ నెల ఖర్చును ఇవాళ్టి ధరతో పోల్చడం నాకు సరైన తూకంగా అనిపించదు.

ఎడిసన్ పెంపకందారు:

వరుస పెట్టెల మాట కాదనలేను. అయినా సూదికీ పరీక్షకీ రెండింటికీ డబ్బు చాలని ఇల్లయితే, సూదికే ముందు చోటు ఇవ్వాలన్నది నా మాట. ఇక్కడ మన అభిప్రాయాలు వేరు.

ప్లేనో నివాసి:

మీ అందరికీ కృతజ్ఞతలు. కళ్ళు నిర్మలంగానే ఉన్నాయి, పొట్ట తెల్లగానే ఉంది. ఇవాళ తూచితే 88 గ్రాములు వచ్చింది. సంఘం జాబితాలో మాకు అరగంట దూరంలో ఒక వైద్యురాలు ఉన్నారు, రేపు ఉదయానికి సమయం ఇచ్చారు. సూదికి తప్పకుండా ఒప్పుకుంటాను, వైరస్ పరీక్ష సంగతి ఆమెతో మాట్లాడి నిర్ణయించుకుంటాను. ఈ రాత్రి ఏమి చేయాలి, ఎలా తీసుకెళ్ళాలి అన్నవి చెప్పగలరా? బాబు విషయం కూడా.

లెస్టర్ నర్సు:

హీటింగ్ మ్యాట్‌కు థర్మోస్టాట్ లేకపోతే ఇవాళే తెచ్చి పెట్టండి, అది లేకుండా వేడి పెంచితే పొట్ట కాలుతుంది. నీటి గిన్నె వెచ్చని వైపుకు జరిపితే తేమ పెరుగుతుంది. అడుగున పైన్ లేదా దేవదారు పొట్టు ఉంటే తీసివేసి, తెల్ల కాగితపు తువ్వాళ్ళు పరచండి. వాటి మీద మైట్లు (పాము రక్తం పీల్చే చిన్న పురుగులు) ఉంటే నల్లటి చుక్కల్లా కదులుతూ కనిపిస్తాయి, రెట్ట ఎలా ఉందో కూడా తెలుస్తుంది. తినడానికి ఏమీ పెట్టకండి.

రేపు శుభ్రమైన పిల్లోకేసులో పామును ఉంచి మూతి గట్టిగా ముడివేసి, దాన్ని మూత ఉన్న డబ్బాలో పెట్టండి. బయలుదేరే ముందే కారు లోపల వెచ్చగా చేసుకోండి, డబ్బా మీదకు ఏసీ గాలి తగలనివ్వకండి. తూకాలు, ట్యాంకు ఉష్ణోగ్రతలు ఒక కాగితం మీద రాసుకోండి, బుడగలు కనిపించినప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకోండి, ఎందుకంటే వైద్యురాలి ముందు అవి కనిపించకపోవచ్చు.

బాబు గురించి అడిగి మంచి పని చేశారు. ఆరోగ్యంగా కనిపించే పాముల రెట్టలో కూడా మనుషులకు విరేచనాలు, జ్వరం తెప్పించే సాల్మొనెల్లా బాక్టీరియా ఉండగలదు, ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళలో సరీసృపాలు వద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ సలహా. ఇప్పటికే తెచ్చారు కాబట్టి ట్యాంకును బాబు వెళ్ళని గదిలో తాళం వేసి ఉంచండి, దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకండి, ఆ తక్కెడను ఇక వంటకు వాడకండి, మీ అమ్మాయి తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

వైద్యురాలు యాంటీబయాటిక్ వేస్తానంటే, మొదటి సూదికి ముందే, క్రిమిని ల్యాబులో పెంచి గుర్తించే కల్చర్‌కు గొంతు నుంచి నమూనా తీయమని అడగండి. మందు పడిన తరువాత తీసిన నమూనాలో ఏ క్రిమి ఉందో సరిగా తేలదు.