అప్‌డేట్: డెంటేట్ గైరస్‌లో స్పందన ఎందుకు నిలబడలేదో తెలిసింది

నా పాత ప్రశ్న ఇదీ: ఎలుక హిప్పోక్యాంపస్ (మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన భాగం) స్లైసులకు సెకనుకు 100 చొప్పున కరెంటు పల్సులు ఇస్తే అందులోని సీఏ1 అనే ప్రాంతంలో స్పందన పెరిగి గంటకు పైగా నిలబడుతోంది. అదే డెంటేట్ గైరస్ అనే ఇంకో ప్రాంతంలో పది నిమిషాలకే మళ్లీ మొదటికి వస్తోంది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

కణాలను అణచే సంకేతాలను ఆపే పిక్రోటాక్సిన్ అనే మందు కలపమన్న సలహానే పనిచేసింది. డెంటేట్‌లో గాబా అనే రసాయనం కణాలపై చూపే నిరోధం చాలా బలంగా ఉంటుంది. దానివల్ల కణం వోల్టేజ్ తగినంత పెరగదు, ఎన్ఎండీఏ రిసెప్టర్లను (కణంలోకి కాల్షియం వచ్చే ద్వారాలు) మూసిన మెగ్నీషియం తొలగదు, కాల్షియం లోపలికి రాదు, అది రాకపోతే పెరుగుదల నిలబడదు. నిరోధాన్ని ఆపి అవే పల్సులు ఇచ్చాం. స్క్రీన్ మీద స్పందన గీత వాలు నిటారుగా మారి, అలాగే నిలబడింది! ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఎలక్ట్రోడ్ తప్పుచోట ఉందేమోనన్న టెన్షన్ అనవసరం అయింది. మా సీనియర్ 50 మిల్లీసెకన్ల తేడాతో రెండు పల్సులు ఇప్పించారు. రెండో స్పందన చిన్నగా వచ్చింది. డెంటేట్‌కు వచ్చే నరాల దారి అయిన మీడియల్ పెర్ఫొరెంట్ పాత్ గుర్తు అదే (సీఏ1లో అయితే రెండోది పెద్దదవుతుంది). ఆక్సిజన్, ఉష్ణోగ్రత మార్చినా తేడా రాలేదు.

1973లో బ్లిస్, లోమో అనే శాస్త్రవేత్తలు ఈ మందు లేకుండానే ఇదే డెంటేట్‌లో పెరుగుదల చూశారు కదా అని నేను తికమకపడ్డాను. వాళ్లు చూసింది మత్తులో ఉన్న కుందేలు మెదడులో, స్లైసులో కాదు.

సీఏ1లో కూడా ఈ మందు వాడేవాళ్లు ముందు సీఏ3ని (సీఏ1కి సంకేతాలు పంపే పక్క ప్రాంతం) కోసి వేరుచేయండి, లేకపోతే మూర్ఛ లాంటి పేలుళ్లు మొదలవుతాయి.