చీటి గుడ్డ, చింట్జ్ ఒకటేనా?

అందరికీ నమస్కారం. చిన్న డౌటు. మా అమ్మమ్మ పూలపూల పరికిణీ గుడ్డని చీటి గుడ్డ అనేది. విలియం మారిస్ అని విక్టోరియా కాలం డిజైనర్ గురించి చదువుతుంటే ఆయన కంపెనీ అచ్చు గుడ్డల్ని చింట్జ్ అనే అమ్మిందని ఉంది. ఈ రెండూ ఒకటేనా? రాసుకునే చీటీకి దీనికి సంబంధం ఉందా?

— రాసుకునే చీటీ వేరండి, అది హిందీ చిట్ఠీ నుంచి వచ్చింది. గుడ్డ చీటి హిందీ ఛీంట్ నుంచి, అంటే చుక్కలు చల్లిన బట్ట, మన నోట్లో రెండూ కలిసిపోయాయి అంతే. ఇంగ్లీషు వాళ్ళు ఆ ఛీంట్‌కే బహువచనం తగిలించి చింట్స్ అన్నారు, పోనుపోను అదే ఏకవచనం అయి కూర్చుంది.

— అయితే మారిస్ మన బందరు కలంకారీ కాపీ కొట్టాడన్నమాట 😀

— అలా తేల్చేయకండి సార్. బందరు వైపు చీటికి చిరివేరుతో ఎరుపు ఎక్కించి, నీలం అంటకూడని చోటంతా మైనం పూసి నీలి తొట్టిలో ముంచేవాళ్ళు. మారిస్‌ది తిరగేసిన పద్ధతి, ముందు గుడ్డంతా నీలిమందులో ముంచేసి తర్వాత అచ్చుతో బ్లీచు అద్ది తెలుపు కావాల్సిన చోట రంగు లాగేస్తాడు, ఆ ఖాళీల్లో ఎరుపు, పసుపు విడిగా వేస్తాడు. 1875 నుంచి ఇంగ్లండులో లీక్ అనే ఊళ్ళో థామస్ వార్డిల్ అద్దకం షెడ్లో ఈ రంగులతోనే కుస్తీ, చేతులు మోచేతుల దాకా నీలమేనట. 1881లో లండన్ దగ్గర మెర్టన్ ఆబీలో సొంత షెడ్డు పెట్టాక గానీ నీలం కుదరలేదు, 1883లో వచ్చిన స్ట్రాబెర్రీ థీఫ్ దాని ఫలితమే. కెల్మ్‌స్కాట్‌లో తన ఇంటి తోటలో పిట్టలు పళ్ళు ఎత్తుకుపోతుంటే చూసి గీసిన డిజైన్ అది. ఒక్కో గుడ్డకి రోజులు పట్టేది కాబట్టి ధర మామూలు వాళ్ళకి అందేది కాదు, మారిస్ సోషలిస్టు, ఆయన చేసిన గుడ్డ మాత్రం డబ్బున్నవాళ్ళే కొన్నారు, ఆ బాధ ఆయనకీ ఉంది.

నాకు నచ్చేది ఈ మాట పడ్డ పాట్లు. మన చీట్లు ఎంత ఆడాయంటే ఇంగ్లండు నేతగాళ్ళు గోల చేసి 1700లో దిగుమతి మీద, 1721లో కట్టుకోవడం మీద కూడా నిషేధ చట్టాలు తెప్పించారు. తర్వాత మిషన్లు వచ్చి వాళ్ళే చవగ్గా అచ్చేశారు, 1851 నాటికే ఇంగ్లీషు నవలా రచయిత్రి జార్జ్ ఎలియట్ ఒక ఉత్తరంలో చింట్జీ అని తీసిపారేసినట్టు వాడింది. అలా చులకనైన మాటనే మారిస్ తన ఖరీదైన గుడ్డకి పెట్టుకున్నాడు. ఇంగ్లండు వ్యాపారమే భారతదేశంలో చేతిపనుల్ని చంపేస్తోందని 1879లో ఉపన్యాసంలో తిట్టింది కూడా ఈయనే.

— బావుందండి. పెడన వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, అద్దకం పనివాళ్ళు ఇప్పటికీ చీటి అంటున్నారా, లేక అంతా కలంకారీయేనా?