కుంకుమ పువ్వు: రోజుకి ఎన్ని రేకలు? యాంటీఆక్సిడెంట్ మాట ఎంతవరకు నిజం?

సుగంధి_42:
రోజూ పాలలో కుంకుమ పువ్వు వేసుకుంటే యాంటీఆక్సిడెంట్లు అందుతాయని, కంటికీ మనసుకీ మంచిదని చాలాచోట్ల రాస్తున్నారు. ఎన్ని రేకలు వెయ్యాలి? పాలు మరిగేటప్పుడా, దించాకా? రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దవాళ్లకి ఇవ్వొచ్చా? ఇంకో సందేహం: కొన్న డబ్బాలోది నీళ్లలో వెయ్యగానే ఎర్రరంగు దిగిపోయింది. అసలుదేనా?

నేరేడు_చెట్టు:
ముందు లెక్క చూద్దామండి. రేకలు అంటున్నాం గానీ అవి పూరేకులు కావు, పువ్వు మధ్యలోని కీలాగ్రాలు. పువ్వుకి మూడే ఉంటాయి. ఎండిన గ్రాముకి సుమారు 150 పువ్వులు, అంటే 450 రేకలు. ఒక్కోటి 2 మి.గ్రా. పైచిలుకు. గ్లాసు పాలలో అయిదు వేస్తే లోపలికి పోయేది 11 మి.గ్రా.

రంగు క్రోసిన్‌ది, చేదు పిక్రోక్రోసిన్‌ది, వాసన సఫ్రనాల్‌ది. క్రోసిన్ పేగుల్లో క్రోసెటిన్‌గా మారాకే రక్తంలోకి చేరుతుంది. అందుకే పరీక్షనాళికలో క్రోసిన్ ఫ్రీ రాడికల్స్‌ని (కణాలకి హాని చేసే చురుకైన అణువుల్ని) ఎంత అణిచిందో చూసి ఒంట్లోనూ అంతే జరుగుతుందని అనుకోకూడదు. కాలేయాన్నీ గుండెనీ కాపాడిందని చెప్పే ఫలితాలు ఎక్కువగా ఎలుకల మీదివి. వాటికి కిలో బరువుకి పదుల, వందల మి.గ్రా. ఇస్తారు. మన అయిదు రేకలతో అది రాదు. యాంటీఆక్సిడెంట్లే కావాలంటే రోజుకో ఉసిరికాయ, కాలానికి దొరికే నేరేడు పళ్లు, ఆకుకూరలు దీనికంటే ఎన్నో రెట్లు ఇస్తాయి, చవక కూడా.

మనుషుల మీద కాస్త గట్టి ఆధారం ఉన్నది డిప్రెషన్ విషయంలో. టెహ్రాన్‌లో 2004 నుంచి వచ్చిన పరీక్షల్లో రోజుకి 30 మి.గ్రా. సారం ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇస్తే, మరీ ముదరని డిప్రెషన్‌లో ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేసింది. ఒక్కో పరీక్షలో ఉన్నది ముప్ఫై, నలభై మందే. కంటికి సంబంధించి 2010లో ఇటలీలో మాక్యులా క్షీణత (రెటీనా, అంటే కంటి లోపలి పొర, దాని మధ్యభాగం వయసుతో దెబ్బతినే జబ్బు) తొలిదశలో ఉన్న 25 మందికి 20 మి.గ్రా. మూడు నెలలు ఇచ్చారు, రెటీనా స్పందన పెరిగింది. పోయిన చూపు తిరిగొచ్చిందని దానర్థం కాదు. సారం మాత్రలో పాళ్లు స్థిరంగా ఉంటాయి, రేకల్లో డబ్బాకీ డబ్బాకీ తేడా వస్తుంది.

పాలకోవా:
మరిగే పాలలో వెయ్యకండి. ఎక్కువసేపు మరిగితే సఫ్రనాల్ ఆవిరైపోతుంది, క్రోసిన్ కూడా విరుగుతుంది. అయిదారు రేకల్ని చిటికెడు పంచదారతో చిన్న రోట్లో నూరి, రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, దించిన పాలలో నీళ్లతో సహా కలపండి. నీళ్లే ఎందుకంటే క్రోసిన్ నీళ్లలో కరిగేది. నేతిలో వేయిస్తే రంగు దిగదు.

ఇక మీ డబ్బా సంగతి. అసలుది చల్లటి నీళ్లలో మెల్లగా, పది పదిహేను నిమిషాలకి బంగారు పసుపు దింపుతుంది, రేక మాత్రం ఎర్రగానే ఉంటుంది. వెయ్యగానే నీళ్లు ఎర్రబడి రేక తెల్లగా మారితే అది రంగద్దిన సరుకు. తడిసిన రేకని తెల్లకాగితం మీద పరిచి చూడండి. చివర బూరలా విచ్చుకుంటే కుంకుమ పువ్వు. సన్నటి గొట్టం చివర అయిదు చీలికలుంటే కుసుమ పువ్వు, మన తాండూరు వైపు నూనెగింజల కోసం వేసే పంటే. ఏ ఆకారమూ లేని పోగైతే మొక్కజొన్న పీచు. కొందరు బరువు కోసం తేనో నూనో పూస్తారు, కాగితాల మధ్య నొక్కితే జిడ్డు మరక పడుతుంది. పొడి రూపంలో కొనకండి, కల్తీ కనిపెట్టలేం.

మందుల_కొట్టు:
వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్లకి వంటలో రెండు మూడు రేకలు ఫర్వాలేదు. మాత్రలు, సారాలు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వద్దు, రక్తం గడ్డకట్టే గుణం ఇంకా తగ్గొచ్చు. వాడాల్సి వస్తే ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసేది) ముందే చేయించాలి. డిప్రెషన్ మందులు తీసుకునేవాళ్లకీ ఇదే మాట, ఇది మొదలుపెట్టామని ఆ మందులు ఆపేయకూడదు.

రోజుకి 1.5 గ్రాములు దాటొద్దు, 5 గ్రాములు విషమే. గర్భిణులకి పాలలో రెండు మూడు రేకలు చాలు, ఎక్కువైతే గర్భసంచి సంకోచించే ప్రమాదం ఉంది. బిడ్డ ఎర్రగా పుడుతుందన్న మాట నమ్మొద్దు. ఒంటి రంగు జన్యువుల వల్ల వస్తుంది.

సుగంధి_42:
కాగితం మీద పరిచి చూశాను, చివర అయిదు చీలికలే ఉన్నాయి. కొత్తది ఏం చూసి కొనాలి, ఎక్కడ దాచాలి?

పాలకోవా:
అయితే అది కుసుమే. బిల్లు, డబ్బా మీది బ్యాచ్ నంబరు ఉంచుకుని ఆహార భద్రత అధికారికి ఫిర్యాదు చెయ్యండి. కశ్మీర్‌ది కొంటే 'మోంగ్రా' అడగండి, అందులో ఎర్రభాగమే ఉంటుంది. 'లచ్ఛా'లో కిందనుండే పసుపు కాడ కూడా కలుస్తుంది. డబ్బా మీద జీఐ గుర్తు (సరుకు ఫలానా ప్రాంతానిదే అని తెలిపే భౌగోళిక గుర్తింపు) ఉందేమో చూడండి, 2020లో వచ్చింది. కశ్మీర్‌లో కుంకుమ పువ్వు పండే పాంపోర్‌లో పూలకోత అక్టోబరు, నవంబరుల్లో, కాబట్టి కోత సంవత్సరం రాసి ఉన్న డబ్బా మేలు. వెలుతురు సోకని గాలిచొరని డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే తీసిన వెంటనే మూత తెరవొద్దు, లోపల చెమ్మ పడుతుంది. ఒక్కసారే ఎక్కువ కొనకుండా గ్రాము చొప్పున తెచ్చుకోండి.