ల్యాండ్‌లార్డ్ బిటర్ ఇంట్లో చేయాలంటే క్రిస్టల్ మాల్ట్ వేయాలా, వద్దా?

లీడ్స్_పాతకాపు:
లీడ్స్‌లో చదువుకునే రోజుల్లో అలవాటైన బీరు టిమొతీ టేలర్స్ కంపెనీ ల్యాండ్‌లార్డ్, బిటర్ అనే ఇంగ్లిష్ చేదు బీరు. అక్కడికి దగ్గర్లోనే, కీత్లీలో తయారవుతుంది. కాస్క్‌లో (ఈస్ట్ బతికుండగానే పబ్బుకి వెళ్లే పీపా) 4.3 శాతం ఆల్కహాల్. ముందు నారింజ తొక్క వాసన, తర్వాత బిస్కెట్ లాంటి మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) రుచి, చివర్లో నాలుక మీద చాలాసేపు నిలిచే చేదు. ఇప్పుడు నేనుండేది టెక్సాస్‌లోని ఫ్రిస్కో. ఇక్కడ అదృష్టం బాగుండి సీసా దొరికినా, ప్రయాణంలో నీరసించిపోయి వస్తుంది. కాస్క్ సంగతి సరేసరి. అందుకని ఇంట్లోనే చేద్దామనుకుంటున్నా. నెట్‌లో చూస్తే సగం రెసిపీలు ఐదు నుంచి పది శాతం క్రిస్టల్ మాల్ట్ (టాఫీ తీపినిచ్చే ముదురు రంగు మాల్ట్) వేయమంటున్నాయి. మిగతా సగం గోల్డెన్ ప్రామిస్ అనే బార్లీ మాల్ట్ ఒక్కటే చాలు, ఇంకేదీ కలపొద్దంటున్నాయి. ఎవరి మాట నమ్మాలి?

కరీంనగర్_బ్రూ:
క్రిస్టల్ ముట్టకు అన్నా. బ్రాడ్‌ఫర్డ్‌ల ఉంట, వారానికోసారన్న తాగుత, నోట్లె ఆ టాఫీ తీపి ఎన్నడు తగల్లే. కంపెనోళ్లు గొప్పగ చెప్పుకునేది గూడ గోల్డెన్ ప్రామిస్ గురించే. గామా కిరణాలు కొట్టి పుట్టించిన పొట్టి బార్లీ అది. స్కాట్లాండ్ల విస్కీకి మస్తు వాడిన్రు.

ఈ క్రిస్టల్ పిచ్చి యాడికెళ్లి వచ్చిందంటే, ఫుల్లర్స్ లండన్ ప్రైడ్‌ల అది ఉంటది. ఆ రెసిపీ ఇంట్ల చేసుకునేటోళ్ల నడుమ బాగ తిరిగింది. గది చూసి ఇంగ్లిష్ బిటర్ అంటె క్రిస్టల్ ఉండాల్సిందే అనుకున్నరు. లండన్ లెక్క వేరు, యార్క్‌షైర్ లెక్క వేరు.

నా లెక్క ఇది: 20 లీటర్లకు 4 కిలోల గోల్డెన్ ప్రామిస్, ఓజీ, అంటె పులవకముందు మాల్ట్ రసం చిక్కదనం, 1.042 దాపుల. మరుగుడుల ఫగుల్, గోల్డింగ్స్ హాప్స్ (చేదు, వాసన ఇచ్చే పూలు). ఆఖర్ల స్టిరియన్ గోల్డింగ్స్. రంగు కావాల్నంటే మ్యాష్‌ల (ఉడుకు నీళ్లల్ల నానిన మాల్ట్) కెళ్లి మొదలు దిగే వర్ట్ (మాల్ట్ రసం) నాలుగు లీటర్లు పక్కకు తీసి, పాకం పట్టేదాకా మరగబెట్టి మళ్ల కలుపు. ఈస్ట్ వయీస్ట్ కంపెనోళ్ల 1469. టేలర్స్ వాళ్లదే అని అందరంటరు గని ప్యాకెట్ మీద వెస్ట్ యార్క్‌షైర్ అనే ఉంటది.

సెల్లార్_కాపలా:
మాల్టు దగ్గరే కొట్టుకుంటున్నారు, నవ్వొస్తోందండీ. డెర్బీషైర్‌లో ఓ పబ్బులో సెల్లార్ చూసుకుంటాను. ఒకే రోజు ఒకే లారీలో వచ్చిన పీపాలు రెండు పబ్బుల్లో రెండు రకాల బీర్లయిపోవడం నేను చూస్తూనే ఉంటాను.

కాస్క్‌లో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. పీపా పైన మెత్తని చెక్క మేకు దిగ్గొట్టి, పొంగు తగ్గేదాకా గ్యాసు పోనిచ్చి, గట్టి మేకు మార్చి, మడ్డి దిగేదాకా ఆగాలి. ల్యాండ్‌లార్డ్ అయితే మరీ పొగరు బీరండి, మామూలు వాటికన్నా ఎక్కువ ఓపిక పట్టాలి. రేపు అమ్మాలని ఈ రోజు తొందరపడితే గ్లాసులో పచ్చిగానే ఉంటుంది. ఇక పీపా తెరిచాక మూడు రోజులు. పొద్దున దించిన తాటికల్లు సాయంత్రానికి వేరే సరుకైనట్టే ఇదీ మారిపోతూ ఉంటుంది.

మీరు కెగ్‌లో (గ్యాసు ఒత్తిడితో పోసే పీపా) 2.5 వాల్యూముల (లీటరు బీరులో రెండున్నర లీటర్ల) గ్యాసు ఎక్కించి నాలుగు డిగ్రీల్లో పోస్తే, మాల్టు సాక్షాత్తూ కీత్లీ నుంచి మోసుకొచ్చినా అది ల్యాండ్‌లార్డ్ కాదు. గ్యాసు 1.2 దాటకూడదు, చల్లదనం 12 డిగ్రీలు. పీపాలోకి దించేటప్పుడు లీటరుకు ఒకటిన్నర గ్రాముల చక్కెర చాలు. ముందు ఇది కుదరనివ్వండి, క్రిస్టల్ గొడవ తర్వాత.

కరీంనగర్_బ్రూ:
పోసే తీరు మంచిగుంటె ఏ బీరైనా ల్యాండ్‌లార్డ్ అయితదా మరి? మీ సెల్లార్ల మార్స్‌టన్స్ పెడిగ్రీ బిటర్ పీపా పెట్టి ఎంత ఓపిక పడితె మాత్రం ల్యాండ్‌లార్డ్ వస్తదా?

సెల్లార్_కాపలా:
రాదు. కానీ పాడైపోయిన ల్యాండ్‌లార్డ్ కన్నా బాగా చూసుకున్న పెడిగ్రీయే అసలు ల్యాండ్‌లార్డ్‌కి దగ్గరగా ఉంటుందండి. నవ్వితే నవ్వండి.

పాత_సీసా:
పెడిగ్రీ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. బర్టన్‌లో మార్స్‌టన్స్ వాళ్లు 2024లో యూనియన్ పీపాల పద్ధతి (వరసగా కలిపిన చెక్క పీపాల్లో పులియబెట్టడం) ఆపేశారు. పెడిగ్రీ పేరు అలాగే ఉంది. ఇప్పుడు పెడిగ్రీ క్లోన్ (ఇంట్లో చేసే నకలు) అంటే ఏది, ముందుదా, తర్వాతదా?

బాడింగ్టన్స్ కథ ఇంకా ఘోరం. 1970లలో మాంచెస్టర్ వాళ్లు ప్రాణం పెట్టింది లేత గడ్డి రంగులో, కటువుగా ఉండే బిటర్ మీద. 1989లో విట్‌బ్రెడ్ కంపెనీ కొన్నది, టీవీ ప్రకటనలొచ్చాయి, వెన్న లాంటి నురగతో డబ్బాలొచ్చాయి. 2005లో స్ట్రేంజ్‌వేస్ బ్రూవరీయే మూతబడింది. నా దృష్టిలో ఇంట్లో బ్రూ చేసేవాడు కష్టపడాల్సింది ఇలాంటి చచ్చిపోయిన బీర్ల మీద. ల్యాండ్‌లార్డ్ బతికే ఉంది. కామ్రా (కాస్క్ బీరు అభిమానుల సంఘం) ఛాంపియన్ బీరుగా నాలుగు సార్లు గెలిచింది, రైలెక్కి వెళ్లి తాగొచ్చు.

ఇంకో సంగతి. మాల్ట్ ఒక్కటే ఉంటే అదే అసలు సంప్రదాయం అన్నట్టు మాట్లాడకండి. 1880లో బ్రిటన్ ప్రధాని గ్లాడ్‌స్టన్ మాల్ట్ మీది పన్ను తీసేసి వర్ట్ గాఢతను బట్టి పన్ను వేశాక, చక్కెర వాడే బ్రూవరీలు కొల్లలు. బిటర్ అంత తేలిగ్గా, పొడిగా దిగడంలో ఆ చక్కెర వాటా తక్కువేం కాదు.

లీడ్స్_పాతకాపు:
డాలస్ నుంచి కీత్లీకి రైలు వేయించండి సార్, తప్పకుండా ఎక్కుతాను.

కరీంనగర్_బ్రూ:
చక్కెర సంగతి నిజమే, కాదంటలేను. గని అడిగింది ల్యాండ్‌లార్డ్ గురించి. అన్ని బిటర్లను ఒక్కటే గాటన కట్టుడే ఇక్కడ అసలు పంచాయతీ.

అమలాపురం_శాకాహారి:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. కాస్క్ బీరు తేటపడటానికి ఐసింగ్లాస్ వేస్తారట, అది చేప కడుపులో గాలితిత్తి నుంచి తీసేదట. నిజమేనా? లండన్‌లో ఇన్నాళ్లూ హాయిగా తాగుతున్నాను.

సెల్లార్_కాపలా:
నిజమేనండి. ఇప్పుడు అది వేయకుండా పంపే బ్రూవరీలు కూడా చాలానే ఉన్నాయి, పబ్బులో అడగండి, చెబుతారు. ఇంట్లో అయితే అసలు అక్కర్లేదు, వారం పాటు కదపకుండా చల్లగా ఉంచితే చాలావరకు తేరుకుంటుంది.

మియాపూర్_కొత్తోడు:
అన్నా, హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో చేసుకోవచ్చా?

పాత_సీసా:
వద్దు. మన ఎక్సైజ్ చట్టంలో లైసెన్సు లేకుండా ఇంట్లో తయారీ నేరం. ఇంగ్లండ్‌లో కూడా 1963 దాకా లైసెన్సు ఉండాల్సిందే. అమెరికాలో ఒక్కడికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరైనా అంతకు మించినా 200. ఆ రెండు దేశాల్లోనూ అమ్మకం మాత్రం కుదరదు.

లీడ్స్_పాతకాపు:
సరే, ఇలా చేస్తా. గోల్డెన్ ప్రామిస్ ఒక్కదానితో ఒకే బ్యాచ్. సగం బీరు గ్యాసు తక్కువ పెట్టి 12 డిగ్రీల్లో, మిగతా సగం మామూలు కెగ్‌లో. క్రిస్టల్‌తో వేరే బ్యాచ్ తర్వాత చూస్తా. బీర్ ఇంజిన్ (పబ్బుల్లో కాస్క్ బీరు లాగే చేతి పంపు) ధర చూస్తే గుండె ఆగింది, కారవాన్ సింక్‌కి పెట్టే చేతి పంపుతో నడిపిస్తా. మరి స్టిరియన్ దొరక్కపోతే?

కరీంనగర్_బ్రూ:
ఫగులే వెయ్యి. స్టిరియన్ అంటె స్లొవేనియాల పెంచిన ఫగులే.

పాత_సీసా:
మొక్క ఒకటే అయితే వాసన ఒకటేనా? కెంట్ మట్టి, స్లొవేనియా మట్టి ఒకటి కాదు. ఫగుల్ వేస్తే ఆ నారింజ వాసన తగ్గి మట్టి వాసన పైకొస్తుంది. పోస్టేజీ కట్టి అయినా స్టిరియనే తెప్పించుకో.

సెల్లార్_కాపలా:
పంపు మూతికి స్పార్క్లర్ బిగించడం మర్చిపోకండి. చిన్న చిల్లుల బిళ్ల, అంతే. యార్క్‌షైర్‌లో ఆ దట్టమైన నురగ లేకపోతే గ్లాసు వెనక్కి పంపేస్తారు.

కరీంనగర్_బ్రూ:
స్పార్క్లర్ పెడితె ఉన్న కొంచెం గ్యాసు గూడ పోతది, చేదు మెత్తవడ్తది. నేను తీసేసే పొయ్యమంట. బ్రాడ్‌ఫర్డ్‌ల బార్ ముంగట నిలవడి ఈ మాట అన్న, ఇంక కొట్టలేదు.

సెల్లార్_కాపలా:
మా పబ్బుకి రండి, స్పార్క్లర్‌తో ఒకటి, లేకుండా ఒకటి పోస్తాను. కళ్లు మూసుకుని చెబుదురుగాని.