సగమే విన్న ‘హోటల్ కాలిఫోర్నియా’ను విన్నట్టు లెక్కేనా?

రెండోవైపు:
1996లో వరంగల్‌లో చదువుకునేటప్పుడు మా గదిలో ఒక క్యాసెట్టు ఉండేది. 60 నిమిషాల ఖాళీ క్యాసెట్టు మీద మా రూమ్మేటు ఎవరి దగ్గరో పాటలు ఎక్కించుకొచ్చాడు. మొదటి వైపు చివరి పాట అమెరికా రాక్ బృందం ఈగల్స్ పాడిన ‘హోటల్ కాలిఫోర్నియా’. డాన్ హెన్లీ గొంతు ఆగుతుంది, గిటారు అప్పుడే అందుకుంటుంది, అంతలో టేపు అయిపోయి మీట టక్కున పైకి లేచేది. మూడేళ్లు అలాగే విన్నాను. పాట అంతేననుకున్నాను.

పోయిన ఆదివారం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే మా అమ్మాయి ఫోనులో ఒక పాట వెంట ఇంకొకటిగా ఇది వచ్చింది. విని ఇరవై ఏళ్లు దాటింది. గొంతు ఆగగానే నా చెవి ఆ ‘టక్’ కోసం కాచుకుంది. రాలేదు. తడి చొక్కా చేతిలో పట్టుకుని ఇంకో రెండు నిమిషాలు గిటార్లు విన్నాను. బాగుంది, కాదనను. కానీ సంతోషం కంటే చిరాకే ఎక్కువ కలిగింది. సొంత ఇంట్లో నాకు తెలియని గది ఒకటుందని పొరుగువారు చెప్పినట్టయింది. ఇన్నేళ్లూ నేను ఇష్టపడింది ఈ పాటనేనా?

మంద్రస్థాయి:
కాదండీ. పెరుగన్నం వడ్డించకముందే విస్తరి మడిచి లేచారు మీరు. పాట నిడివి ఆరున్నర నిమిషాలు. గొంతు నాలుగుంబావు దాటగానే అయిపోతుంది. మిగిలినదంతా ఆ బృందంలోని గిటారు వాద్యకారులు డాన్ ఫెల్డర్, జో వాల్ష్ ఒకరి మాటకొకరు బదులిచ్చుకుంటూ, చివరికి జోడు కట్టి వాయించే భాగం. నాలాంటి వాళ్లం గిటారు పట్టిందే దానికోసం. ఆ రోజుల్లో రేడియోకు మూడు మూడున్నర నిమిషాల పాటలే కావాలి. రికార్డు కంపెనీ కుదించమంటే హెన్లీ ససేమిరా అన్నాడు. ఆ నిడివితోనే 1977 మే నెలలో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. వాళ్లు పట్టుబట్టి నిలుపుకున్న భాగాన్నే మీ క్యాసెట్టు మింగేసింది. అది పోయినా నా పాట నాదే అంటే ఎలా?

తీగతెగింది:
మంద్రస్థాయి గారూ, అంత కచ్చితంగా తీర్పు చెప్పకండి. ఇదే పాట గురించి ఫెల్డర్ చెప్పిన సంగతి ఒకటుంది. మాలిబూలో సముద్రం ఒడ్డున అద్దె ఇంట్లో ఉన్నప్పుడు బాణీ కట్టి ఒక క్యాసెట్టులో నమూనాగా రికార్డు చేసి ఇచ్చాడు. ఏడాది తరువాత మయామీ స్టూడియోలో అతనూ వాల్షూ చివరి భాగాన్ని అప్పటికప్పుడు తోచినట్టు వాయించబోతే హెన్లీ ఆపేశాడు. క్యాసెట్టులో ఎలా ఉందో అలాగే ఉండాలన్నాడు. ఫెల్డర్‌కేమో తాను ఏం వాయించాడో గుర్తులేదు! మాలిబూకు ఫోను చేస్తే, ఇంట్లో పనిచేసే ఆవిడ ఆ క్యాసెట్టు వెతికి, ప్లేయర్లో పెట్టి, రిసీవరును దాని దగ్గర పట్టుకుంది. అది విని తన గిటారు తానే నేర్చుకుని వాయించాడు.

బాణీ కట్టినవాడు మారుస్తానన్నా మొదట విన్న చెవి ఒప్పుకోలేదు. రెండోవైపు గారిదీ అదే బాధ.

మంద్రస్థాయి:
మంచి కథే, కానీ నాకే పనికొచ్చింది. హెన్లీ పట్టుబట్టింది ఏ భాగం కోసం? ఈయన క్యాసెట్టులో లేని భాగం కోసమే కదా!

నాలుగోబెంచి:
నాకు ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. హోటలు ప్రకటన అనుకునేవాణ్ణి. చర్చ కొనసాగించండి.

బందరుబాబాయి:
మీ అందరికంటే ముందు విన్నవాణ్ణి, 1978లో మద్రాసులో మిత్రుడి ఇంట్లో, ఎల్పీ రికార్డు మీద. ఎల్పీలో విన్నదే సంగీతమని నా ఈడువాళ్లు అంటుంటారు, నమ్మకండి. మా రికార్డుకు గీత పడి ముల్లు ఒకేచోట తిరిగేది.

మంద్రస్థాయీ, ‘పూర్తి పాట’ అంటున్నావే, అది ఎక్కడుంది నాయనా? ఆ రికార్డులో గిటార్లు ముగియవు. వాయిస్తూనే ఉంటారు, శబ్దం తగ్గుతూ తగ్గుతూ వినబడకుండా పోతుంది. వాళ్లు ఎక్కడ ఆపారో మనం ఎవరమూ వినలేదు. నీకు ఆరున్నర నిమిషాల దగ్గర స్టూడియోలో తగ్గించారు, ఇతనికి హాస్టల్లో టేపు తగ్గించింది. 1994 కచేరీలో తిన్నగా ముగించి చప్పట్లు కొట్టించుకున్నారు కానీ, దానికి మొదలే వేరు. మన దేశంలో చాలామంది మొదట విన్నది అదే, వాళ్లను ఇప్పుడు ఏ బెంచీలో కూర్చోబెడతావు?

మంద్రస్థాయి:
బాబాయి గారూ, తగ్గించడం వేరు, తెగిపోవడం వేరు. ఒకటి చేసినవాళ్లు కావాలని చేసింది. రెండోది టేపు చాలక జరిగింది.

రెండోవైపు:
అదే నేను చెప్పబోతున్నాను. జరిగింది పొరపాటే, కానీ చివర్లో కథ ఏమిటో గుర్తుచేసుకోండి. ఆ మనిషి బయటపడదామని తలుపు వైపు పరుగెత్తుతాడు. కాపలావాడు నింపాదిగా చెబుతాడు: గది ఎప్పుడైనా ఖాళీ చేయవచ్చు, ఇక్కడి నుంచి వెళ్లడం మాత్రం కుదరదని. ఆ మాట తరువాత రెండు గిటారు దెబ్బలు, ‘టక్’. గదిలో నిశ్శబ్దం. పైన ఫ్యాను చప్పుడు. నాకది తలుపు పడిన శబ్దం. రాత్రి పూట ఒంటరిగా వింటే భయం వేసేది. పూర్తి పాటలో ఆ భయం లేదు. గిటార్లు వచ్చి ఓదారుస్తాయి.

ఇంకో మాట. నిన్న అటక మీద ఆ క్యాసెట్టు దొరికింది. లోపలి అట్ట మీద పాటల పేర్లు నీలం బాల్‌పెన్నుతో రాసి ఉన్నాయి. దీని పక్కన చిన్న అక్షరాలతో ‘చివర లేదు’ అని మావాడి చేతిరాత. ఫోను చేస్తే నవ్వాడు: “అప్పుడే చెప్పాను కదరా, ఇంకోసారి ఎక్కిస్తానంటే ఇదే బాగుంది వదిలెయ్ అన్నావు.” నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

తీగతెగింది:
ఫెల్డర్‌కూ గుర్తులేదు. మీరు మంచి జట్టులోనే ఉన్నారు.

మంద్రస్థాయి:
రెండోవైపు గారూ, రాత్రి మీరు చెప్పినట్టే చేసి చూశాను. కాపలావాడి మాట అవగానే పాట ఆపి, దీపం ఆర్పి కూర్చున్నాను. చివరి భాగాన్ని వందలసార్లు వాయించి ఉంటాను, కానీ వాడేమన్నాడో శ్రద్ధగా విన్నది ఇదే మొదటిసారి. దాన్ని పూర్తి పాట అని ఇప్పటికీ ఒప్పుకోను. కాకపోతే, రెండో నిమిషంలోనే లేచి దీపం వేశాను.

బందరుబాబాయి:
ఆ క్యాసెట్టు పారేయకు రెండోవైపూ. నా దగ్గర పాత టేపు రికార్డరు ఉంది, బెల్టు సాగిపోయింది. మార్చేవాళ్లు ఎవరైనా తెలిస్తే ఇక్కడ రాయండి.